అమెరికా విదేశాంగ విధానం: వాషింగ్టన్ వీడ్కోలు లేఖ నుంచి రొయ్యల సుంకం దాకా, అసలు మలుపు ఎక్కడ?

కావలి_సివిల్స్ (ప్రశ్న):

నమస్కారం. సివిల్స్ మెయిన్స్‌కి రాజనీతిశాస్త్రం ఆప్షనల్‌గా చదువుతున్నాను. అమెరికా విదేశాంగ విధానం దగ్గర ఏ గైడు చూసినా ఒకటే వరస. మొదట ఎవరి జోలికీ పోని దేశం, 1898లో స్పెయిన్‌తో యుద్ధం, 1917లో మొదటి ప్రపంచ యుద్ధం, మళ్లీ తలుపులు మూసుకోవడం, 1941లో పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి, ఆ తర్వాత ప్రపంచ పెత్తనం. చదవడానికి బాగానే ఉంది గానీ లెక్క కుదరడం లేదు. ఎవరి జోలికీ పోని దేశం 13 రాష్ట్రాల నుంచి పసిఫిక్ ఒడ్డు దాకా ఎట్టా పెరిగింది? 1919లో నానాజాతి సమితిని కాదన్న సెనేటే 1949లో నాటోకి ఎందుకు తలూపింది?

ఇంకో సందేహం కూడా ఉంది. 2025 ఆగస్టులో మన రొయ్యల మీద సుంకం 50 శాతానికి ఎక్కినప్పటి నుంచి అల్లూరు, విడవలూరు వైపు ఎవర్ని కదిలించినా అదే మాట. అధ్యక్షుడు ఒక్కడు సంతకం పెడితే సుంకం మారిపోవడం ఈ చరిత్రలో ఎక్కడ ఇముడుతుంది? తెలిసిన పెద్దలు తేదీలతో సహా చెప్పగలరు.

ఒంగోలు_చరిత్ర:

కావలి గారూ, మీ అనుమానం న్యాయమైనదే. మొదటి నూరేళ్లు అమెరికా దూరంగా ఉన్నది ఐరోపా పొత్తులకి, ప్రపంచానికి కాదు. భూమి కొన్నది, యుద్ధం చేసి లాక్కున్నది, ఓడలు పంపి పరాయి రేవులు తెరిపించింది. చేయనిదల్లా ఒకటే: ఫలానా దేశం కోసం యుద్ధానికి వస్తానని శాశ్వతంగా మాటివ్వడం. ఈ ఒక్క నియమం 1800 నుంచి 1947 దాకా నిలబడింది.

ఆ నియమం పుట్టిన తీరు చూడండి. స్వాతంత్ర్య పోరులో 1778 ఫిబ్రవరిలో ఫ్రాన్స్‌తో సైనిక ఒడంబడిక చేసుకున్నారు. ఫ్రెంచి నౌకాదళం లేకపోతే 1781లో యార్క్‌టౌన్ దగ్గర గెలుపే లేదు. 1793లో ఫ్రాన్స్, బ్రిటన్ యుద్ధానికి దిగేసరికి ఆ ఒడంబడికే మెడకు చుట్టుకుంది. కరేబియన్‌లో ఉన్న ఫ్రెంచి దీవుల్ని కాపాడే బాధ్యత అందులో రాసి ఉంది. చేతిలో నౌకాదళం లేదు. ప్రభుత్వ రాబడిలో సింహభాగం దిగుమతి సుంకం, ఆ దిగుమతుల్లో ఎక్కువ బ్రిటన్ సరుకు. బ్రిటన్‌తో యుద్ధం వస్తే ఖజానా ఆగిపోతుంది. అందుకే 1793 ఏప్రిల్‌లో వాషింగ్టన్ తటస్థత ప్రకటించాడు. ఫ్రాన్స్ ఒడంబడిక నుంచి పూర్తిగా బయటపడింది 1800 సెప్టెంబరు ఒప్పందంతో.

1796 సెప్టెంబరు 19 నాటి వీడ్కోలు సందేశాన్ని చాలామంది ప్రసంగం అని రాస్తారు. అది ఫిలడెల్ఫియాలో ఒక పత్రికలో అచ్చయిన లేఖ, ఆయన ఎక్కడా చదవలేదు. అందులో వాషింగ్టన్ వద్దన్నది శాశ్వత పొత్తుల్ని. అసాధారణ పరిస్థితుల్లో తాత్కాలిక పొత్తు పెట్టుకోవచ్చని అదే లేఖలో ఉంది. 'చిక్కుల్లో పడేసే పొత్తులు ఎవరితోనూ వద్దు' అన్నది జెఫర్సన్, 1801 మార్చి ప్రమాణ స్వీకారం రోజున. ఈ రెండూ కలిపేసి వాషింగ్టన్ ఖాతాలో వేయడం పరీక్షల్లో మహా మామూలు తప్పు.

ఇక విస్తరణ. 1803లో లూసియానా కొనుగోలు, కోటిన్నర డాలర్లు. దేశం విస్తీర్ణం ఇంచుమించు రెట్టింపయింది. 1846-48లో మెక్సికోతో యుద్ధం, సంధిలో మళ్లీ కోటిన్నర డాలర్లు చెల్లించి కాలిఫోర్నియా సహా మెక్సికో భూభాగంలో సగానికి దగ్గరగా తీసుకున్నారు. 1853లో అమెరికా నౌకాధికారి పెర్రీ నౌకలు జపాన్ తీరానికి వెళ్లాయి, మరుసటి ఏడు ఒప్పందం. 1867లో అలాస్కా, 72 లక్షల డాలర్లు. ఇదంతా చేసిన దేశాన్ని ఒంటరి దేశం అని ఎట్లా అంటారు?

మన్రో సిద్ధాంతం దగ్గర కూడా జాగ్రత్త. 1823 డిసెంబరు 2న కాంగ్రెస్‌కి పంపిన వార్షిక సందేశంలో కొన్ని పేరాలు అవి. చట్టమూ కాదు, ఒడంబడికా కాదు. బ్రిటన్ విదేశాంగ మంత్రి కానింగ్ ఇద్దరం కలిసి ప్రకటిద్దామన్నాడు. అమెరికా విదేశాంగ మంత్రి జాన్ క్విన్సీ ఆడమ్స్ ఒప్పుకోలేదు, ఒంటరిగానే ప్రకటించాలని పట్టుబట్టాడు. అమలు చేసే బలం మాత్రం అప్పట్లో బ్రిటిష్ నౌకాదళానిదే. 1833లో అదే బ్రిటన్ ఫాక్‌లాండ్ దీవుల్ని పట్టుకుంటే అమెరికా ప్రభుత్వం నుంచి చప్పుడు లేదు. అంతర్యుద్ధంలో అమెరికా మునిగి ఉన్నప్పుడు ఫ్రాన్స్ మెక్సికోలో ఆస్ట్రియా రాకుమారుడు మాక్సిమిలియన్‌ని గద్దెనెక్కించింది. 1865లో అంతర్యుద్ధం ముగిసి అమెరికా సేన ఖాళీ అయ్యాకే ఫ్రాన్స్ వెనక్కి తగ్గింది. సిద్ధాంతం 1823దే, దానికి పళ్లు మొలిచింది మాత్రం 1860ల తర్వాత.

సింగరాయకొండ_పాఠకుడు:

ఒంగోలు గారూ, అంతా ఒప్పుకుంటాను గానీ 1898ని మీరు దాటేసినట్టుంది. అంతకుముందు తీసుకున్న భూమి ఏదైనా ముందుముందు రాష్ట్రమవుతుందనే లెక్క ఉండేది. స్పెయిన్ యుద్ధంతో చేతికొచ్చిన ఫిలిప్పీన్స్ విషయంలో ఆ ఉద్దేశమే లేదు. 7,000కి పైగా దీవులు, రెండు కోట్ల డాలర్లు స్పెయిన్‌కి ఇచ్చి తీసుకున్నారు, అక్కడివాళ్లు తిరగబడితే ఏళ్ల తరబడి అణిచారు. స్వాతంత్ర్యం ఇచ్చింది 1946 జులై 4న. దేశంలో ఇది ఎంత గొడవ రేపిందో ఆ సంధి మీద సెనేట్ ఓటు చెబుతుంది: 1899 ఫిబ్రవరిలో 57-27. కావలసింది మూడింట రెండు వంతులు, అంటే 56. ఒక్క ఓటు మిగులు.

హవాయి ఇంకా ఆసక్తికరం. విలీన ఒడంబడికకి సెనేట్‌లో మూడింట రెండు వంతులు దొరకవని తేలాక, 1898 జులైలో ఉభయ సభల తీర్మానంతో కలిపేసుకున్నారు. తీర్మానానికి మామూలు మెజారిటీ చాలు. సెనేట్ గుమ్మం ఎత్తుగా ఉంటే పక్కదారి వెతకడం అక్కడే అలవాటయింది.

1905లో డొమినికన్ రిపబ్లిక్ వ్యవహారమూ అంతే. ఐరోపా అప్పులవాళ్లు యుద్ధనౌకలు పంపుతారన్న భయంతో థియోడర్ రూజ్‌వెల్ట్ ఆ దేశపు కస్టమ్స్ వసూళ్లు అమెరికా చేతిలోకి తీసుకున్నాడు. వసూలైన దాంట్లో 45 శాతం అక్కడి ప్రభుత్వానికి, 55 శాతం అప్పులవాళ్లకి. సెనేట్ ఒడంబడికని ఆపేస్తే అధ్యక్షుడి స్థాయి ఒప్పందంతో నడిపించాడు, సెనేట్ ఆమోదం 1907లో గానీ రాలేదు. అందుకే మలుపు ఏదంటే నేను 1898 నుంచి 1905 మధ్య కాలాన్నే చూపిస్తాను.

ట్రంకురోడ్డు_నెల్లూరు:

1919, 1949 సంగతి నేను చెబుతాను. రెండింటికీ మధ్య మారింది అమెరికన్ల మనసు ఒక్కటే అనుకుంటే సగమే దొరుకుతుంది. ఒడంబడిక రాసే పద్ధతి కూడా మారింది.

అమెరికా రాజ్యాంగం ప్రకారం ఒడంబడికకి ఆ రోజు హాజరై ఓటేసిన సెనేటర్లలో మూడింట రెండు వంతుల సమ్మతి ఉండాలి. మొదటి ప్రపంచ యుద్ధాన్ని ముగించిన వెర్సాయ్ సంధిలోనే నానాజాతి సమితి ఒప్పందమూ ఉంది; ఆ సంధి 1919 నవంబరు 19న ఒకసారి, 1920 మార్చి 19న మరోసారి ఓటుకి వచ్చింది. చివరి ఓటు 49-35. ఓటేసింది 84 మంది, 1899లో లాగే కావలసింది 56, ఏడు తగ్గాయి. ఆ 35 మందిలో ఏ షరతుకీ ఒప్పుకోని మొండివాళ్లు డజను మందే. మిగతా 23 మంది అధ్యక్షుడు విల్సన్ సొంత పార్టీ డెమోక్రాట్లు. సెనేట్‌లో రిపబ్లికన్ల నాయకుడు లాడ్జ్ పెట్టిన షరతులతో కూడిన సంధిని ఓడించమని విల్సనే వాళ్లకి చెప్పాడు. ఆ 23 మందిలో ఏడుగురు అటు వేసి ఉంటే సరిగ్గా 56. సమితిని చంపింది ఒంటరివాదులని రాసేముందు ఈ లెక్క చూడాలి.

పేచీ అంతా సమితి ఒప్పందంలోని పదో అధికరణం మీద. సభ్యదేశాల సరిహద్దుల్ని దండయాత్రల నుంచి కాపాడతామని అందులో హామీ ఉంది. యుద్ధం ప్రకటించే అధికారం కాంగ్రెస్‌దయినప్పుడు జెనీవాలో కూర్చున్న మండలి చెబితే మన సైన్యం కదలాలా అన్నది లాడ్జ్ ప్రశ్న. అది గట్టి ప్రశ్నే. విల్సన్ చేసిన ఇంకో పొరపాటు, పారిస్ వెళ్లేటప్పుడు రిపబ్లికన్ సెనేటర్ ఒక్కరినీ వెంటపెట్టుకోలేదు; 1918 ఎన్నికల్లో సెనేట్ రిపబ్లికన్ల చేతికి పోయిందని తెలిసి కూడా. ఆ పైన 1919 అక్టోబరులో పక్షవాతం. బేరం ఆడే మనిషే లేకుండా పోయాడు.

1949లో ప్రతి మెట్టూ దీనికి విరుగుడుగా కట్టారు. ముందు 1948 జూన్‌లో రిపబ్లికన్ నాయకుడు వాండెన్‌బర్గ్ పేరుతోనే సెనేట్‌లో తీర్మానం పెట్టించి, ప్రాంతీయ రక్షణ ఒప్పందాలకి ప్రతిపక్షం సమ్మతి ముందే తీసుకున్నారు. ఆ తర్వాతే బేరసారాలు. నాటో ఐదో అధికరణం చదవండి: ఒకరి మీద దాడి అందరి మీద దాడే, కానీ ప్రతి దేశం తనకు అవసరమనిపించిన చర్య తీసుకుంటుంది, అందులో సాయుధ బలం కూడా ఉండొచ్చు. పదకొండో అధికరణం అమలు అంతా ఆయా దేశాల రాజ్యాంగ పద్ధతుల ప్రకారమే అంటుంది. లాడ్జ్ అడిగిన ప్రశ్నకి జవాబు ఒడంబడికలోనే రాసిపెట్టారన్నమాట. 1949 ఏప్రిల్ 4న 12 దేశాల సంతకాలు, జులై 21న సెనేట్‌లో 82-13.

బయటి కారణం కూడా కావాలి. 1947 ఫిబ్రవరి 21న గ్రీస్, టర్కీలకి ఇక సాయం చేయలేమని బ్రిటన్ చేతులెత్తేసింది. మార్చి 12న అధ్యక్షుడు ట్రూమన్ కాంగ్రెస్ ముందుకొచ్చి 40 కోట్ల డాలర్లు అడిగాడు. నూరేళ్లకు పైగా బ్రిటిష్ నౌకాదళం నీడలో పొత్తు లేకుండా బతికిన దేశానికి ఆ నీడ పోయింది. నా దృష్టిలో అసలు మలుపు ఈ మూడు వారాలే.

అయినా సంతకం పెట్టగానే సేనలు బయల్దేరలేదు. 1945లో 1.2 కోట్ల మంది ఉన్న సైన్యం రెండేళ్లలో 15 లక్షలకి దిగింది. రక్షణ ఖర్చు భారీగా పెంచాలన్న జాతీయ భద్రతా మండలి పత్రం ఎన్‌ఎస్‌సీ-68 1950 ఏప్రిల్‌లో తయారైతే, జూన్ 25న కొరియా యుద్ధం మొదలయ్యాకే దానికి డబ్బు దొరికింది. ఐరోపాకి అదనంగా నాలుగు డివిజన్లు పంపాలన్న నిర్ణయం మీద 1951లో సెనేట్‌లో నెలల తరబడి వాదన జరిగింది. నాటో కాగితం 1949ది, నాటో సైన్యం కొరియా యుద్ధం తెచ్చింది.

కావలి_సివిల్స్:

ట్రంకురోడ్డు గారూ, ఆ 23 మంది లెక్క ఏ గైడులోనూ చూడలేదు, చాలా ధన్యవాదాలు. మరి 1920లు, 30లు? అప్పుడైనా తలుపులు మూసుకున్నట్టేనా?

ఒంగోలు_చరిత్ర:

సగం మూసుకున్నారు. సైనిక బాధ్యతలకి తలుపు మూశారు, డబ్బుకి తెరిచే ఉంచారు. 1921-22 వాషింగ్టన్ సమావేశంలో పెద్ద యుద్ధనౌకల నిష్పత్తి 5:5:3 అని అమెరికా, బ్రిటన్, జపాన్‌లకి కట్టించింది అమెరికానే. 1924లో జర్మనీ పరిహారాల గడువులు సర్దిన డాస్ ప్రణాళిక నడిచింది అమెరికా అప్పుల మీద. 1929లో ఆ అప్పు ఆగింది, 1930 జూన్‌లో స్మూట్-హాలీ చట్టంతో సుంకాలు పెరిగాయి. అప్పు లేదు, సరుకు అమ్ముకునే దారీ లేదు, ఐరోపా కట్టేదెట్లా? నిజంగా ముడుచుకున్న కాలమంటే 1930లే. 1935 నుంచి 1939 వరకూ వరసగా తటస్థత చట్టాలు చేశారు.

ఆ చట్టాల్ని విప్పిన వరస పరీక్షకి బాగా పనికొస్తుంది. 1939 నవంబరులో 'నగదు కట్టు, నీ ఓడలోనే తీసుకుపో' అనే షరతుతో ఆయుధాల అమ్మకం. 1940 సెప్టెంబరు 2న 50 పాత డిస్ట్రాయర్ నౌకలు బ్రిటన్‌కి ఇచ్చి, దానికి బదులు అట్లాంటిక్, కరేబియన్ స్థావరాలు 99 ఏళ్ల లీజుకి. ఇది సెనేట్‌కి వెళ్లలేదు, అధ్యక్షుడి స్థాయి ఒప్పందమే. అదే నెలలో శాంతికాలపు నిర్బంధ సైనిక సేవ. 1941 మార్చి 11న మిత్రదేశాలకి ఆయుధాలు, సరుకులు అందించే లెండ్-లీజ్ చట్టం, యుద్ధం ముగిసేలోపు దాని కింద ఇచ్చిన సాయం సుమారు 5,000 కోట్ల డాలర్లు. పెర్ల్ హార్బర్ నాటికి తటస్థతలో మిగిలింది పేరు మాత్రమే. అందుకే మలుపు ఏదంటే నేను 1940నే చూపిస్తాను.

గూడూరు_మైకా:

మన ప్రాంతం వైపు నుంచి కూడా ఈ చరిత్ర చదవొచ్చు. గూడూరు, సైదాపురం గనుల మైకా (అభ్రకం) ఒకప్పుడు అమెరికా భద్రతా విధానంలో భాగం. రేడియో వాల్వుల్లో, కెపాసిటర్లలో, విమానాల స్పార్క్ ప్లగ్గుల్లో పలకల మైకా తప్పనిసరి. అది ప్రపంచానికి అందేది ముఖ్యంగా అప్పటి బీహార్‌లోని (ఇప్పుడు జార్ఖండ్) కోడెర్మా నుంచి, మన నెల్లూరు పట్టీ నుంచి. యుద్ధం వస్తే సముద్ర మార్గం తెగుతుందనే భయంతో అమెరికా 1939లోనూ, మళ్లీ 1946లోనూ వ్యూహాత్మక ఖనిజాల నిల్వ చట్టాలు చేసింది, ఆ నిల్వల్లో మైకా ఉంది. ట్రాన్సిస్టర్లు వచ్చాక వాల్వులు పోయాయి, మైకా గిరాకీ పడిపోయింది. సరుకు విలువని విదేశాంగ విధానం పెంచినా దాని ఆయుష్షు సాంకేతికత చేతిలో ఉంటుంది.

రెండోది పీఎల్-480, అమెరికా ఆహార సాయ చట్టం. 1954 జులైలో ఐసెన్‌హోవర్ సంతకం చేశాడు. మిగులు గోధుమ వదిలించుకోవడం, మిత్రుల్ని సంపాదించడం రెండూ దాని పనులే. మనతో ఒప్పందం 1956 ఆగస్టులో కుదిరింది, చెల్లింపు రూపాయల్లో. 1965-66 కరువు కాలంలో లిండన్ జాన్సన్ ఏళ్ల ఒప్పందం ఆపి, నెలకి సరిపడా నౌకలు మాత్రమే విడుదల చేసే పద్ధతి పెట్టాడు. వ్యవసాయ విధానం మార్చుకోండి, వియత్నాం మీద మాటలు తగ్గించండి అన్నది ఒత్తిడి. ఆ అవమానం మన హరిత విప్లవాన్ని తొందర పెట్టింది. పేరుకుపోయిన రూపాయల్లో 1,664 కోట్లు 1974లో మనకే వదిలేశారు.

మూడోది శ్రీహరికోట. ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్నా 2022 దాకా మన నెల్లూరు జిల్లాదే. 1991లో రష్యా సంస్థ గ్లావ్‌కాస్మోస్‌తో క్రయోజెనిక్ (అతిశీతల ద్రవ ఇంధనంతో నడిచే) రాకెట్ ఇంజిన్ల ఒప్పందం కుదిరితే, క్షిపణి సాంకేతికత నియంత్రణ కింద 1992 మేలో అమెరికా ఇస్రో మీద, గ్లావ్‌కాస్మోస్ మీద రెండేళ్ల ఆంక్షలు పెట్టింది. మైనస్ 253 డిగ్రీల దగ్గర ఉంచాల్సిన ద్రవ హైడ్రోజన్‌ని నింపి క్షిపణిని సిద్ధంగా నిలబెట్టుకోలేరు, ఇది ఆయుధానికి పనికిరాదు అని మనవాళ్లు చెప్పినా వినలేదు. 1993లో రష్యా వెనక్కి తగ్గి, టెక్నాలజీ ఇవ్వకుండా ఏడు తయారైన ఇంజిన్లు ఇచ్చింది. సొంత క్రయోజెనిక్ దశతో జీఎస్‌ఎల్‌వీ మొదటి విజయం 2014 జనవరి 5న. అదే రకం దశతో 2025 జులై 30న శ్రీహరికోట నుంచి నాసా, ఇస్రో కలిసి కట్టిన నిసార్ ఉపగ్రహం పైకి వెళ్లింది. అమెరికా మన సరుకు మీద 25 శాతం సుంకం ప్రకటించింది కూడా అదే రోజు. ఒకే ప్రభుత్వంలో అంతరిక్ష సంస్థది ఒక లెక్క, వాణిజ్యానిది ఇంకో లెక్క.

భారత్ పట్ల అమెరికా తీరు అర్థం కావాలంటే ఆయా కాలంలో దాని ప్రధాన ప్రత్యర్థి ఎవరో చూడండి. సోవియట్ ప్రత్యర్థిగా ఉన్నప్పుడు 1954 మేలో పాకిస్తాన్‌తో సైనిక సాయ ఒప్పందం. 1971 జులైలో అమెరికా అధ్యక్షుడి భద్రతా సలహాదారు కిసింజర్ పాకిస్తాన్ మీదుగానే రహస్యంగా బీజింగ్ వెళ్లాడు, ఆగస్టు 9న మనం సోవియట్‌తో ఒప్పందం చేసుకున్నాం, డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధం వేళ అమెరికా విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్ బంగాళాఖాతంలోకి వచ్చింది. చైనా ప్రత్యర్థి అయ్యాక 2008 అణు ఒప్పందం, 2016 నుంచి 2020 మధ్య లెమోవా, కామ్‌కాసా, బెకా సైనిక ఒప్పందాలు. మన విలువ వాళ్ల పటంలో మారుతూ వచ్చింది.

విడవలూరు_వనామీ:

సుంకాల సంగతి. మూలం నుంచి పట్టుకుంటే, అమెరికా రాజ్యాంగం ఒకటో అధికరణం ఎనిమిదో సెక్షన్ ప్రకారం సుంకం వేసే అధికారం కాంగ్రెస్‌ది. 1930 దాకా వస్తువు వారీగా రేట్లు కాంగ్రెసే రాసేది, స్మూట్-హాలీలో 20,000కి పైగా వస్తువులు. ప్రతి సభ్యుడూ తన నియోజకవర్గం సరుకుకి రేటు పెంచుకుంటూ పోతే మొత్తం ఎట్లా వాచిపోయిందో అప్పుడు తెలిసింది. 1934లో చట్టం మార్చి, ఒప్పందాల ద్వారా రేట్లు సగం దాకా తగ్గించే అధికారం అధ్యక్షుడికి ఇచ్చారు. అధికారం చేతులు మారింది తగ్గించడం కోసం. ఆ తర్వాత 1962 చట్టంలో 232 సెక్షన్ జాతీయ భద్రత పేరుతో, 1974 చట్టంలో 301 సెక్షన్ అన్యాయ వాణిజ్యం పేరుతో పెంచే దారులు తెరిచాయి. 1977 అత్యవసర ఆర్థిక అధికారాల చట్టం ఆంక్షల కోసం పుట్టింది. 2025లో దాన్నే సుంకానికి వాడారు. ఆ చట్టంలో సుంకం ప్రస్తావన ఎక్కడా లేకపోవడం వల్లే ఇది కోర్టుకెక్కింది.

వాణిజ్యాన్ని ఆయుధంగా వాడడం కొత్త కాదు. 1807 డిసెంబరులో జెఫర్సన్ బ్రిటన్, ఫ్రాన్స్‌ల మెడలు వంచాలని తన దేశపు ఎగుమతులే ఆపేశాడు. 10.8 కోట్ల డాలర్ల ఎగుమతులు మరుసటి ఏడు 2.2 కోట్లకి పడ్డాయి. మన కొండపి, టంగుటూరు వేలం కేంద్రాల్లో అమ్మే పొగాకుకి పేరిచ్చిన వర్జీనియాలోనే, ఆయన సొంత రాష్ట్రంలోనే, పొగాకు గోడౌన్లలో ఉండిపోయింది. 1809 మార్చిలో ఎత్తేశారు.

ఇక రొయ్య. 2025 ఆగస్టు 7 నుంచి 25 శాతం, రష్యా చమురు కొంటున్నామన్న పేరుతో ఆగస్టు 27 నుంచి ఇంకో 25 పడ్డాయి. ఇవి కాక అప్పటికే రెండు పాత సుంకాలుండేవి, వాటికి విదేశాంగ విధానంతో సంబంధం లేదు. 2005 నుంచి యాంటీ డంపింగ్ (సరుకుని మరీ తక్కువ ధరకి కుమ్మరిస్తున్నారని వేసే సుంకం), అప్పటికి ఎక్కువ కంపెనీలకి 2.49 శాతం. 2024 చివర సబ్సిడీలకి విరుగుడుగా వేసింది 5.77. అన్నీ కలిపితే అప్పట్లో 58.26 శాతం. అదే సమయానికి ఈక్వడార్ 15, వియత్నాం 20, ఇండోనేషియా 19 శాతం అదనపు సుంకంతో అమ్ముకునేవి. దెబ్బ తగిలింది ఈ తేడా వల్ల. అందరికీ 50 ఉంటే ధర అక్కడి కొనుగోలుదారు మీదికి పోయేది.

చట్టప్రకారం సుంకం కట్టాల్సింది దిగుమతిదారు. కానీ మన రొయ్య చాలావరకు డీడీపీ పద్ధతిలో, అంటే సుంకం కట్టి గోడౌన్‌కి చేర్చే షరతు మీద అమ్ముడవుతుంది. కాబట్టి ముందు తగిలేది మన ఎగుమతిదారుకి, అక్కడి నుంచి కౌంట్ ధరలో (కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్కన ఇచ్చే ధర) కోతగా చెరువు గట్టు దాకా వస్తుంది. తేదీల షరతు ఇంకా కఠినం. ఆగస్టు 27కి ముందు ఓడెక్కి, సెప్టెంబరు 17లోపు అక్కడ కస్టమ్స్ దాటిన సరుక్కే మినహాయింపు. 21 రోజులు. మన తీరం నుంచి అమెరికా తూర్పు రేవులకి కంటైనర్ చేరడానికి నెల దాటుతుంది. మినహాయింపు కాగితం మీద ఉన్నా దారిలో ఉన్న కంటైనర్లకి దొరికింది తక్కువ.

అధ్యక్షుడి ప్రమేయం లేకుండా అమెరికా దేశీయ చట్టమే విదేశాంగ విధానం అయిపోయిన సంగతి కూడా రొయ్యలోనే ఉంది. 1989 నాటి 609 సెక్షన్ ప్రకారం తాబేళ్లు తప్పించుకునే పరికరం లేని వలలతో పట్టిన సముద్రపు రొయ్యని అక్కడికి రానివ్వరు. కోర్టు ఆదేశంతో 1996లో ప్రపంచమంతటికీ వర్తింపజేశారు. భారత్, పాకిస్తాన్, మలేషియా, థాయ్‌లాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో)లో పోరాడితే 1998లో అమలు తీరు వివక్షతో ఉందని తీర్పు వచ్చింది గానీ చట్టం నిలిచింది. పెంపకం రొయ్యకి ఇది వర్తించదు, అందుకే ప్రతి కంటైనర్ వెంట డీఎస్-2031 ఫారం వెళ్లి ఇది చెరువు సరుకని చెప్పాలి. 2004-05లో యాంటీ డంపింగ్ డిపాజిట్ మీద అదనంగా భారీ కస్టమ్స్ బాండ్ అడిగితే మన ప్రభుత్వం అదే డబ్ల్యూటీవోలో పోరాడి 2008లో గెలిచింది.

కావలి_సివిల్స్:

అందరికీ నమస్కారాలు. ఇదంతా 250 మాటల జవాబులో పట్టించాలంటే ఏది ఉంచి ఏది వదలాలి? మలుపు మీద మీ ముగ్గురికీ మూడు తేదీలున్నాయి కదా.

ట్రంకురోడ్డు_నెల్లూరు:

మూడు తేదీలు ఉండడమే మీకు లాభం. పరీక్షకుడు 'సమీక్షించండి' అని అడిగితే, సింగరాయకొండ గారి 1898ని భూభాగపు మలుపుగా, ఒంగోలు గారి 1940ని చట్టపు మలుపుగా, 1947-49ని హామీల మలుపుగా రాయండి. తర్వాత మీరు దేనివైపో ఒక వాక్యంలో తేల్చండి. తేల్చకుండా వదిలేస్తే మార్కులు పోతాయి.

మాటల పంపకం ఇట్లా పెట్టుకోండి. 1796, 1801, 1823 కలిపి 60 మాటలు. విస్తరణకి ఒకే ఉదాహరణ, మెక్సికో గానీ లూసియానా గానీ, 25 మాటలు. 1919-1949 పోలికకి 90. 49-35, 82-13 అంకెలు, పదో అధికరణం, ఐదో అధికరణం ఇక్కడ రావాలి. మిగతాది 1991 తర్వాతి కాలానికి, సుంకాలకి. 1930ల తటస్థత చట్టాలకి ఒక్క వాక్యం చాలు.

యుద్ధ అధికారం గురించి ఒక వాక్యం తప్పక రాయండి. అమెరికా కాంగ్రెస్ లాంఛనంగా యుద్ధం ప్రకటించింది చివరిసారి 1942 జూన్‌లో, బల్గేరియా, హంగరీ, రుమేనియాల మీద. కొరియా, వియత్నాం, ఇరాక్ ఏదీ ఆ పద్ధతిలో జరగలేదు. 1973లో నిక్సన్ వీటోని తోసిపుచ్చి చేసిన చట్టం ప్రకారం సేనలు దించిన 48 గంటల్లో కాంగ్రెస్‌కి తెలపాలి; అనుమతి రాకపోతే 60 రోజుల్లో, ఉపసంహరణకి ఇంకో 30 రోజులు కలుపుకుని, వెనక్కి రావాలి. అధ్యక్షులు నివేదికలు పంపుతారు గానీ ఆ చట్టం తమని కట్టిపడేస్తుందని ఒప్పుకోరు.

చివరగా రెండు జారుడు చోట్లు. ఒడంబడికని సెనేట్ 'ధ్రువీకరించింది' అని రాయకండి. సెనేట్ ఇచ్చేది సమ్మతి, ధ్రువీకరించేది అధ్యక్షుడు. సమ్మతి వచ్చాక కూడా ఆయన ఆపేయొచ్చు. నాటో ఐదో అధికరణం సోవియట్ మీద ప్రయోగించారని కూడా కొందరు రాస్తుంటారు. అది ఇప్పటిదాకా ఒక్కసారే అమల్లోకి వచ్చింది, 2001 సెప్టెంబరు 12న, అమెరికా మీద దాడి జరిగిన మర్నాడు.